వీపు మీది చిన్న రెక్క

సెప్టెంబర్ 9

ఐవర్ ఇవాళ కూడా సగం భోజనంలో లేచిపోయాడు. కొట్లో కొన్న చేప చప్పగా ఉందట. నువ్వు సాల్మన్ పట్టుకొచ్చిన రోజున తింటాలే, అప్పటిదాకా నేనుంటే, అన్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో తన కయాక్ పడవలో నన్ను ఒక్కసారి కూర్చోనివ్వలేదు. పోయిన చలికాలం ఆయన చూపు పోయింది, చేపపిల్లల్ని పెంచే హేచరీలో ఉద్యోగం పోయింది, కయాక్ నాకు మిగిలింది. చేపలు పట్టే సీజన్ నెలాఖరుదాకానే. ఈలోగా ఒక్క చేప తెచ్చి ముందు పెట్టాలి. ప్రేమతో కాదు, ఆ నోరు మూయించడానికి.

సెప్టెంబర్ 12, ఉదయం 9

సముద్రం వెనక్కి తీసే ఆటు మొదలయ్యాక వెళ్లాను. వెనక గాలం లాగుతూ గంటన్నర తెడ్డేసి తల తిప్పితే, ఒడ్డు మీద బయల్దేరినప్పటి అదే పసుపు ఇల్లు. జానెడు ముందుకు పోలేదు. చెబితే ఐవర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నడిమధ్యన ఆటుకి ఎదురెళ్తారా ఎవరైనా, ఒడ్డు దగ్గర నీళ్లు వెనక్కి తిరుగుతాయి, వాటి అంచున లాగాలి మహాతల్లీ, అన్నాడు. ముందే చెప్పొచ్చుగా అంటే, నువ్వడిగావా అన్నాడు.

సెప్టెంబర్ 15

వాన. ఏమీ పడలేదు.

సెప్టెంబర్ 19

పడింది. కోహో సాల్మన్, చేయంత ఉంది. అది ఒకవైపు, ఆటు ఒకవైపు లాగుతుంటే అర మైలు కొట్టుకుపోయాను. వలలోకి తెచ్చి చూస్తే వీపు చివర చిన్న రెక్క ఉంది.

ముప్పై ఏళ్లు ఐవర్ పని అదే, హేచరీ చేపపిల్లలకి ఆ రెక్క కత్తిరించడం. రెక్క లేనిది హేచరీ చేప, తెచ్చుకోవచ్చు. ఉన్నది నదిలో పుట్టింది, వదిలేయాలి. అది రూల్. నాకూ తెలుసు. పది రోజులుగా ఆ మనిషి మాటలు పడ్డాను. వదల్లేదు. ఒడ్డున కూర్చుని కత్తితో ఆ రెక్క నేనే కోసేశాను.

అదే సాయంత్రం

వండేముందు చేతికిమ్మన్నాడు. తల నుంచి తోకదాకా తడిమాడు. బొటనవేలు కోత మీద ఆగిపోయింది. మానిన కోత నున్నగా ఉంటుంది లోర్నా, ఇది ఇవాళ్టిది, అన్నాడు. పళ్లెం ముట్టలేదు. నేను ఎదురుగా కూర్చుని రెండు ముక్కలు తిన్నాను.

సెప్టెంబర్ 21

చేపల ఆఫీసర్ వచ్చాడు. ఫోన్ చేసింది ఐవరే. నా పేరు అక్షరం అక్షరం తనే చెప్పి రాయించాడు. పాపం ఆ కుర్రాడు నా మొహం చూడలేక మిగిలిన చేపని సంచిలో వేసుకుని, ఫైన్ కాగితం బల్ల మీద పెట్టి వెళ్లాడు.

కట్టుకున్నదాని మీదే ఫిర్యాదా అని అడిగాను. కళ్లు పోయాయి, నేను చేసిన పని ఒక్కటే మిగిలింది, దాన్నీ దొంగ పని చేశావు, అన్నాడు. ఆ మాట నిజమే. అందుకే ఇంకా మండిపోతున్నాను.

సెప్టెంబర్ 30

ఆఖరి రోజు. ఒకటి పడింది. రెక్క లేదు. కోత మాని నున్నగా ఉంది. మూడేళ్ల చేప, ఐవర్ చేత్తో కోసిందే కావచ్చు.

తెచ్చుకోవచ్చు, కానీ ఆయన ముందు పెట్టబుద్ధి కాలేదు. వదిలేశాను. ఏమీ పడలేదని చెప్పాను.