రెండో మలుపు అవతల

6 ఫిబ్రవరి 2025, గురువారం

శశాంక్ ఉద్యోగం పోయి నెల దాటింది. కాకినాడలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళన్నయ్య ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటాడు. వీసా గడువు ఇంకా పదమూడు రోజులు.

పొద్దున ఉన్నట్టుండి అన్నాడు, పదేళ్ళు షార్జాలో ఉండి ఇక్కడి కొండలే చూడలేదు, శనివారం వెళ్దామని. నవ్వాడు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. పులిహోర కలపాలి.

8 ఫిబ్రవరి, శనివారం, 11.20

ఖోర్ ఫక్కాన్ దారిలో మొదట ఆగిన పార్క్. ఇసుక అయిపోగానే కొండలు, తుప్పు రంగులో. తన్మయి ప్రతి రాయికీ పేరు పెడుతోంది. ఏడేళ్ళకి దానికి అన్నీ మనుషులే. శశాంక్ మా ఇద్దరికీ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. తనని రమ్మంటే, మీరు నిలబడండి చాలన్నాడు.

3.40

రెండో చోటు. ఎండిన వాగు, అటూ ఇటూ నిలువు రాతిగోడలు. రెండో మలుపు దాకా వెళ్ళొస్తానని శశాంక్ వెళ్ళి గంటన్నర. సిగ్నల్ లేదు. టిష్యూల కోసం కారు డాష్‌బోర్డ్ తెరిచాను. శశాంక్ ఫోన్, వాచీ, పెళ్ళి ఉంగరం.

రాయకపోతే అరిచేస్తాను. తన్మయి ముందు అరవకూడదు.

4.30

తన్మయిని తీసుకుని మొదటి మలుపు దాకా వెళ్ళాను. పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. రాళ్ళు జారి పిల్ల మోకాలు గీరుకుపోయింది. దాన్ని వదిలి వెళ్ళలేను, తీసుకునీ వెళ్ళలేను. నాన్న దాక్కున్నాడా అని అడిగింది. అవునన్నాను.

5.05

మేకల మేతతో వెళ్తున్న పికప్‌ని ఆపాను. డ్రైవర్ ఫరాజ్, పెషావర్ వైపు వాడట, ఇక్కడే కొండమీద తోటలో పని. వచ్చిన హిందీ అంతా మర్చిపోయాను. ఉంగరం చూపించాను. నన్ను బాజీ, అంటే అక్కా, అని పిలిచి, గాడీలో కూర్చోమని వాగులోకి పరిగెత్తాడు. ఆ రాళ్ళమీద మేకలాగే పరిగెత్తాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఉన్నాడు. పక్క గదిలో నిద్రపోతున్నాడు.

రాతిగోడ పైఅంచున కూర్చుని ఉన్నాడట. ఫరాజ్ ఎక్కి వెళ్ళి పక్కనే కూర్చున్నాడట. కాసేపటికి, నాకు దిగాలంటే భయం, చెయ్యి పట్టుకుని దింపు భాయ్ అని ఫరాజే అడిగాడట.

"పాపం, అడుగడుక్కీ వణికిపోయాడు" అన్నాడు శశాంక్, నిన్న తిరిగొస్తూ కారులో.

ఉంగరం ఎందుకు తీశావని మాత్రం అడిగాను.

"నేను దొరక్కపోయినా అదైనా మీకు ఉంటుందని."

కారు పక్కకి ఆపించాను. వెనక తన్మయి నిద్రపోతోంది. ఇద్దరం ఏడ్చాం.

ఈరోజు బావగారికి నేనే ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మొదటి ఫ్లైట్‌కి వస్తున్నానన్నారు.

11 ఫిబ్రవరి, మంగళవారం

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. బాత్రూమ్ గడియ పెట్టుకోవద్దన్నాను. సరేనన్నాడు. తలుపు బయట నేలమీద కూర్చుని నీళ్ళ చప్పుడు వింటున్నాను.