శారద సన్న బ్రష్

జూన్ 2006, ఆదివారం రాత్రి. చింతామణి.

సుమ కాలేజీకి వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్ల మీద చామంతులు వేస్తోంది. బజారులో కొత్త బ్రష్ కొనిచ్చాను. దాంతో రేకుల అంచులు చెదిరిపోయాయి.

"ఇది బ్రష్ కాదు నాయనా, చీపురు. అమ్మ సన్న బ్రష్ యాడుండాది?"

బీరువాలో ఉంది. శారద ఒక చీర అంచుకు ఆకులు వేస్తూ మధ్యలో ఆపి, ఆసుపత్రికి వెళ్ళిన రోజు కడగకుండా వదిలేసిన బ్రష్. ఆకుపచ్చ రంగు వెంట్రుకల మొదట్లో ఎండిపోయింది. నేనూ కడగలేదు. కడిగితే ఆమె చేతి చివరి రంగు పోతుంది.

ఆ మాట అనలేక, అది పాడైపోయిందన్నాను.

"కడగకుండా పెడితే పాడైపోదా? అమ్మ ఉండింటే నీకు బాగా తిట్లు పడుతుండె."

ఇచ్చేశాను. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, వేళ్ళతో మెల్లగా నలిపి, మొన తీర్చింది. అచ్చం శారదలాగే. పసుపు రంగులో ముంచి మొదటి రేకు గీస్తే, అందులో కొంచెం ఆకుపచ్చ కలిసి వచ్చింది.

తుడవబోయి ఆగింది.

"ఉండనీలే నాయనా. అమ్మది."

పని అయ్యాక బ్రష్ నేనే కడిగాను. నిలబెడితే నీళ్ళు మొదట్లోకి దిగుతాయని శారద చెప్పేది. సుమ బల్ల మీద గుడ్డ పరిచి, బ్రష్‌ని పడుకోబెట్టాను. రేపు దానికి రెండో బూటు పని ఉంది.