మొరం పెరట్లో మాగిన ఎరువు

మే 18, ఆదివారం

పెరట్లో మళ్ళీ ఓటమి. రోడ్డు ఎత్తు పెరిగిందని పోయించిన మొరం... ఎర్రగా, ఎండితే రాయిలా. అనసూయ పెట్టిన టమాట నారు ఒక్కటీ మిగల్లేదు. పోసిన నీళ్ళు పైనే నిలుస్తాయి, ఇంకవు.

గది వేద్దామన్నాను. మొయినాబాద్ కాలేజీల పిల్లలు కిరాయికి అడుగుతూనే ఉన్నారు. నాలా స్కూలు వ్యాను నడిపేవాడికి సెలవుల్లో జీతం రాదని నా పెళ్ళాం అనసూయకీ తెలుసు. అయినా ఒప్పుకోలేదు.

"దసరా దాక ఆగు. పండుగకు నా బంతి పూస్తే పెరడు నాది. పూయకుంటే నీ గది కట్టుకో."

సరేనన్నాను. గెలుపు నాదేనని లోపల ధీమా.

మే 25

ఇక్కడికి దగ్గర్లోని ప్రొద్దుటూరు. బావమరిది నర్సింలు కొట్టం వెనక పెద్ద పెంటకుప్ప. కింద నిరుటి ఎరువు, నల్లగా, చాయపత్తిలా. పైన నిన్నమొన్నటి పేడ. పక్కనుంచి పారతో కింది పొర ఒక్కటే తీసి గంపలకెత్తుదామంది అనసూయ. వాడు వింటేనా!

"గంపలేందక్కా, జేసీబీ ఉన్నది. ఐదు నిమిషాల పని."

ఒక్క ఊపులో కిందా మీదా కలిపేశాడు. ట్రాలీ నిండింది. అనసూయ ముఖం చూడాల్సింది.

మే 26

వచ్చిందేదో పరిచేద్దామన్నాను. అనసూయ వద్దంది.

"పచ్చిది ఏస్తే వేర్లు కాలుతయి. చెదలు పడ్తయి. మాగనియ్యి."

మూలన కుప్ప పోసింది, నీళ్ళు చల్లింది, పైన పాత ఫ్లెక్సీ కప్పింది. విల్లాల ప్రకటన అది. ఈతకొలను పక్కన నవ్వే కుటుంబం ఇప్పుడు మా పెంట మీద పడుకుని నవ్వుతోంది. అటు చూసినప్పుడల్లా నవ్వాగడం లేదు నాకు.

జూన్ 8

మృగశిర. చేపల కూర. మంచి వాన. ఊరంతా విత్తనాల మాటే.

నిన్న సాయంత్రం అనసూయ కుప్పలో గడ్డపార దించి వదిలింది. పొద్దున తీసి పట్టుకోమంది. చెయ్యి చురుక్కుమంది.

"చూసినవా? ఇంకా ఉడుకుతున్నది."

జూన్ 29

కుప్ప తిరగేసింది. పైది లోపలికి, లోపలిది పైకి. ఆవిరి లేస్తోంది. నడుం పట్టేసినా సణుగుడు లేదు. నేనైతే ఈపాటికి ఎప్పుడో విసిరికొట్టేవాణ్ణి.

జులై 20

నర్సింలు ఫోన్. "ఇంకా ఎయ్యలేదా? దసరా బంతికి టైమ్ అయిపోతున్నది బావా..."

అనసూయకు చెప్పాను. "నాకు తెల్వదా?" అంది. అంతే.

తెలిసి ఆగుతోంది. పందెం చేజారుతోందని తెలిసి! మాగని ఎరువు మాత్రం మట్టికి పెట్టదట. ఏం మొండి మనిషి... ఆ మొండితనం నాకెంత ఇష్టమో ఇక్కడైతే రాసుకోగలను. ఆమెతో అంటే నెత్తికెక్కుతుంది.

ఆగస్టు 3

గడ్డపార గోరువెచ్చన. ఇంకా వద్దట.

ఆగస్టు 24

చల్లగా ఉంది!

ఫ్లెక్సీ తీసింది. పేడ వాసన లేదు. తొలి వాన పడ్డ నేల వాసన. గుప్పిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలింది. లోపల వానపాములు. పచ్చి పేడ ఏది, పాతది ఏది, నాకైతే ఆనవాలు దొరకలేదు.

పొద్దంతా ఇద్దరం మొరం పెకలించి ఎరువు కలిపాం. భుజాలు పోయాయి. గది నాకు కావాలి, గడ్డపార కూడా నేనే వేస్తున్నాను... నా తెలివికి దండం.

సెప్టెంబర్ 5

చేవెళ్ల నుంచి బంతి నారు. బాగా ఆలస్యం. పక్క మడిలో మెంతి చల్లింది.

సెప్టెంబర్ 19

రాత్రి గట్టి వాన. పొద్దున లేచి చూస్తే పెరట్లో నీళ్ళు లేవు. అన్నీ ఇంకాయి! చెప్పుల్లేకుండా నడిచాను. పాదం మెత్తగా దిగింది. ఇదేనా ఆ మొరం?

మధ్యాహ్నం మెంతికూర పప్పు. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

సద్దుల బతుకమ్మ

అనసూయ బంతిపూలు బజారులో కొంది. మా మొక్కలకు మొగ్గలే. బతుకమ్మ పేరుస్తూ ఒక్కసారీ పెరటి వైపు చూడలేదు.

దసరా

జమ్మి ఆకు చేతిలో పెట్టింది. కాళ్ళకు మొక్కబోతే ఆపాను.

"ఓడిపోయిన. మేస్త్రీని పిలువు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

దసరా వెళ్ళిన ఆదివారం

మేస్త్రీ వచ్చి ముగ్గు పోశాడు. నేల చూద్దామని మూలన గుంత తీశాడు. పార సులువుగా దిగిపోయింది.

"గిదేం మన్నన్నా, వెన్న లెక్కున్నది. గట్టి నేల తగిలేదాక తవ్వాలె. పని ఎక్కువైతది."

అతనిది ఫిర్యాదు. నాకేమో ఛాతీ పొంగింది. "మా అనసూయ చేసింది," అన్నాను, అడక్కుండానే. ఎల్లుండి మనుషుల్ని తెస్తానని వెళ్ళాడు. నేను తలూపాను. ఎందుకు ఊపానో!

సోమవారం

పొద్దున వ్యాను తుడుస్తున్నాను. పెరట్లో చప్పుడు. అనసూయ బంతి మొక్కలను వేళ్ళ మన్నుతో సహా తీసి గంపలో పెడుతోంది. ఒకదానికి పువ్వు విచ్చింది. పసుపుపచ్చది.

"యాడికి?"

"నర్సింలు ఇంటికాడ పెడ్త. గీడ నువ్వు పునాది తియ్యాలె గదా."

నేను పార అందుకున్నాను. మేస్త్రీ తీసిన గుంత పూడ్చడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నవ్?"

"మేస్త్రీని రావద్దని చెప్త."

"మాటంటే మాట. జాలిపడి ఇస్తే నాకొద్దు."

"జాలి కాదు అనసూయా... నీ మన్ను చూసి..."

ఇన్ని పేజీల్లో రాసుకున్నది ఒక్క ముక్క బయటికి రాలేదు.

గుంత పూడ్చేశాను. చేత్తో పిడికెడు గుంట చేశాను. ఒక మొక్క ఇమ్మని చెయ్యి చాపాను.

గంప చంకన పెట్టుకుని నిలబడింది. నా చేతినీ గుంటనూ మార్చి మార్చి చూసింది.

రాత్రి ఇది రాసేదాకా ఇంకా ఇవ్వలేదు. గంప మాత్రం పెరట్లోనే ఉంది.