శుక్రవారం రేకులు

పూజ్యులైన అత్తకు, కోడలు యోగిత నమస్కరించి రాసేది.

బాగాయంలో మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. గుడియాత్తంలో మీరూ మామా బాగున్నారని తలుస్తాను. పళ్ళికొండ దాటితే వచ్చే ఊరికి, అదీ ఫోను చేతిలో ఉండగా, ఉత్తరమేమిటని మీ అబ్బాయి నవ్వుతున్నారు. నవ్వనీండి. మన ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. నా దగ్గర పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మీరొక్కరే. నేర్చింది మరిచిపోకుండా నెలకొక ఉత్తరం రాసుకుందామన్నదీ మీరే.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. మిద్దె మీద నీళ్ల ట్యాంకు బాగు చేయించాం. మీ అబ్బాయి పొద్దున టిఫిన్ మానడం లేదు. నేనే మానుతున్నాను, దానికి తిట్లు మీరు వచ్చినప్పుడు తింటాను.

ఇక, "మనిషే కూర్చోని సీటుకు బెల్టు ఎందుకే?" అని అడిగారు. బొమ్మల కొలువులో మీరు అంగడి పెట్టుకున్న చెట్టియారు బొమ్మ ముందు చిటికెడు కందిపప్పు, చిటికెడు బియ్యం కుప్పలు పోస్తారు కదా. ఆ చెట్టియారు వండుకు తింటాడా? అయినా అవి లేకపోతే అది అంగడిలా ఉండదని మీరే అంటారు. బొమ్మ విమానాలు కట్టేవాళ్లదీ అదే పిచ్చి. మూరెడు ప్లాస్టిక్ విమానంలో పైలట్ సీటు గోరంత ఉంటుంది. దాని మీద బెల్టు, బెల్టుకు బకిల్, బకిల్‌కు రంధ్రం ఉంటే గాని వాళ్లకు నిద్ర పట్టదు. పలచని ఇత్తడి రేకు మీద ఫిల్మ్ అతికించి, దాని మీద వెలుతురుతో బెల్టుల బొమ్మ దించి, రేకును యాసిడ్‌లో ముంచుతాం. ఫిల్మ్ కాపాడినంత మేర బెల్టు మిగులుతుంది, తక్కినదంతా కరిగిపోతుంది. అంతే మా విద్య.

ఈ విద్యకే ఇప్పుడు గండం వచ్చిందని మీకు తెలుసు. జర్మనీలో బొమ్మ విమానాల అంగడి నడిపే ఆయన ఒక్కడి వల్లే మా పనిగది నడుస్తోంది. కొన్ని రేకుల్లో నడిమధ్య బెల్టులు తెగిపోయి వస్తున్నాయని ఆయన రెండుసార్లు రాశాడు. మూడోసారి కూడా అలాగే వస్తే ఇక కొననన్నాడు. మామకు ఆ మాట చాలింది. "బొమ్మలాట చాలించి రాండి, మన పాత్రల అంగట్లో కూర్చోండి" అని ఫోను చేశారు. మామ మంచికే చెప్పారు, కాదనను. కానీ నేను ఆ గది మూయను అత్తా. నాలుగేళ్లు చేతులు కాల్చుకుని నేర్చిన పని అది. అంగట్లో బిందెలు తూచడానికి నేను కాకపోతే ఇంకొకరు దొరుకుతారు.

అందుకే పంపకుండా ఆపేసిన చెడిన రేకులన్నీ ముందేసుకుని భూతద్దంతో చూశాను. అన్నీ శుక్రవారం కడిగి ఆరబెట్టినవే. మీరు బస్సులో వచ్చి, మేం టిఫిన్ తినేవేళ ఆ గదిలో దీపం పెట్టి మొక్కుకునే రోజది. ఒకదానిలో తెగిన బెల్టు అంచున, ఫిల్మ్ కింద, ఎర్రని రేణువు ఒకటి కనిపించింది. అది కుంకుమ.

మీకు చెప్పకుండా దాచిన సంగతి ఇది. ఆ రేణువు చూశాకే, పోయిన నెల ఒక శుక్రవారం టిఫిన్ మధ్యలో లేచి మీ వెనకాలే వచ్చి, గది తలుపు పక్కన నిలబడ్డాను. దీపం నూనెతో తడిపిన కుంకుమ వేలికి తీసుకుని, కడిగి పేర్చిన రేకులకు ఒక్కొక్కదానికీ నడిమధ్య బొట్టు పెట్టారు. మునుపు పై రేకుకు మాత్రమే పెట్టేవారేమో, పని చెడుతోందని విన్నాక అన్నిటికీ మొదలుపెట్టారు. చేతులు జోడించి మీరన్న మాట నాకు వినిపించింది.

"గెంగమ్మ తల్లీ, ఆయన పిలిచినా నా కోడలు అంగడికి రాకూడదు. అది ఈడ్నే నిలబడల్ల."

తరువాత కొంగుతో ఒక్కొక్కటీ తుడిచేశారు. కుంకుమ పోయింది గాని నూనె పోలేదు. నూనె ఉన్నచోట ఫిల్మ్ అంటుకోదు, దాని కిందికి యాసిడ్ దూరి బెల్టును తినేస్తుంది. మా పనిని చెడగొడుతున్నది మీ బొట్టే అత్తా.

ముందు ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. మామలాగా మీరూ మేం తిరిగి వచ్చేయాలనే కోరుతున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంతమందిలో నా పని నిలవాలని మొక్కింది మీరొక్కరే. ఆ రోజు మీరు వెళ్లాక రేకులన్నీ మళ్లీ కడిగాను. మొన్న శుక్రవారం గదికి తాళం వేసి, తాళంచెవి మీ అబ్బాయి దగ్గర ఉండిపోయిందని అబద్ధం చెప్పాను. అప్పుడది నా బొడ్లో దోపుకునే ఉన్నాను. మీరు కుంకుమ భరిణె పట్టుకుని తలుపు దాకా వచ్చి, తిరిగి బస్సుకు వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మీ అబ్బాయిని చెప్పమంటే, "మా అమ్మకు ఆ మాట చెప్పేది నా వల్ల గాదు మే. యాసిడ్ చెడిపోయిందని అమ్మకూ, ఆ జర్మనీ ఆయనకూ రాసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. జర్మనీ ఆయనకు ఉన్నదున్నట్టు రాశాను. మా ఇంటి పెద్దావిడ మా పని బాగుండాలని రేకుకు బొట్టు పెట్టింది, దానివల్ల చెడింది, చెడినవన్నీ మళ్లీ చేసి పంపుతాను అని. ఆయన ఇంకా జవాబు ఇవ్వలేదు. ఆయన కొనకపోతే కొనేవాళ్లను వెతుక్కుంటాను.

కాబట్టి ఇక బొట్టు వద్దు. రేకుకు వద్దు, యాసిడ్ తొట్టికి వద్దు, ఆ గదిలో దేనికీ వద్దు. కోపమొస్తే తిట్టండి, పడతాను. ఈ ఒక్క సంగతిలో మాత్రం తగ్గను.

ఈ కవరులోనే ఆ గది తాళంచెవి ఉంది. మీ కోసమే ఇంకొకటి చేయించాను. మీ అబ్బాయికి కూడా ఇవ్వలేదు, కావాలంటే నన్నడిగి తీసుకుంటారు. శుక్రవారం రాండి. మేం టిఫిన్ తింటూ ఉంటాం, మీరే తాళం తీసి లోపలికి వెళ్లి మొక్కుకోండి. నేను వెనకాల వచ్చి చూడను.

ఇట్లు,
మీ మొండి కోడలు
యోగిత