కెజయా అత్తయ్య ఊట

జార్జియా, డిసెంబరు 5, 1863

ప్రియమైన ఎజ్రా గారికి,

మీ జాబు అందింది. పట్టుబడ్డ ఉత్తరాది సైనికులకు చెరసాల కట్టాలి, ఎండని నీళ్ళెక్కడున్నాయని అడిగారు. నాలుగేళ్ళే బడికెళ్ళినదాన్ని, నన్నడిగినందుకు సిగ్గూ, సంతోషమూ. మన వాగుంది. పక్కనే రైలు, చుట్టూ పైన్ చెట్లు. ఆ వాగులో పాస్టరు గారు నాకు బాప్తిస్మమిచ్చిన మడుగు గుర్తుందా? ఒడ్డున నిలబడి "కప్పపిల్లలా తేలావే!" అని నవ్వింది మీరే. కొండవతల మా కెజయా అత్తయ్య ఊట కూడా ఎన్నడూ ఎండదు.

మీ పెర్మీలియా

జనవరి 20, 1864

నా పెర్మీలియా,

నీ జాబు, చెరసాలకు చోటు వెతుకుతున్న మా కెప్టెన్ గారికి చదివి వినిపించాను. వాగు ఖాయమైంది. పదివేల మందికి సరిపోతుందట. "నీ పెళ్ళాన్నే పనిలో పెట్టుకోవాల్సిందోయ్!" అని వీపు తట్టారు.

నీ ఎజ్రా

జులై 3

ఎజ్రా గారూ,

నిన్న చెరసాలకు రొట్టెలు తీసుకుని వెళ్ళాను. దుంగల కంచె లోపల పాతిక వేల మందట. కాపలావాళ్ళ గుడారాలూ వంటశాలా ఎగువన పెట్టారు. ఆ మురికంతా మన మడుగులోకే. దిగువన మనుషులు దాన్నే గుడ్డతో వడకట్టి తాగుతున్నారు. కంచె సందులోంచి ఒకాయన, "అమ్మా, ఎగువ నీళ్ళు ఒక్క గుక్క పోయించమ్మా," అన్నాడు. కాపలావాడు నన్ను పక్కకు తోసి, "ఈ నీళ్ళు చూపించింది నీ మొగుడేగా! ఇప్పుడు జాలెందుకమ్మా?" అన్నాడు.

చూపించింది మీరు కాదు, నేను.

పెర్మీలియా

జులై 19

ప్రియమైన పెర్మీలియా,

నీ జాబు చదివాను. గుడారాలు దిగువకు మార్పించమని కెప్టెన్ గారిని అడిగాను. "చోటు చూడటమే మన పని," అన్నారు. రెండో చెరసాల కట్టాలట. అత్తయ్య ఊట సంగతి ఆయన మరచిపోలేదు. నీళ్ళెన్ని ఉంటాయో నిన్నే అడగమన్నారు. ఏం రాస్తావో రాయి.

ఎజ్రా

జులై 26

ప్రియమైన ఎజ్రా గారికి,

అత్తయ్య ఇంటి నుంచే రాస్తున్నాను. ఊట ఈ వేసవిలో ఎండిపోయింది. అడుగున చెమ్మ కూడా లేదు. కెప్టెన్ గారిని ఇంత దూరం రావద్దని చెప్పండి.

ఇక్కడివరకే ఆయనకు చదవండి. కింది ముక్క చింపేయండి.

అత్తయ్య ఇప్పుడే ఊట దగ్గర కుండ నింపుకొచ్చింది. మీతో అబద్ధమాడటం నాకు చేతకాలేదు. ఆయనతో ఆడాల్సింది ఇక మీరే.

మీ పెర్మీలియా