బియ్యం డబ్బాలో ఫోన్

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా కూతురు బడి నుంచి రాగానే సంచి లాక్కుని, "దీపాలు పెట్టేదాకా ఇంట్లో కనపడొద్దు మే, పోయి ఆడుకో పో" అని తరిమేదానివి. నువ్వు పోయాక నాకు భయం పట్టుకుంది. వాళ్ల నాన్న తోట నుంచి వచ్చేదాకా పిల్ల ఒక్కతే కదా! అందుకే ఇక్కడ కువైట్‌లో నేను మామా అని పిలిచే ఇంటి యజమానురాలు మధ్యాహ్నం పడుకోగానే, మన ఊళ్లో సాయంత్రమయ్యే వేళకు, వీడియో కాల్ చేసేదాన్ని. ఫోన్ ముందు నుంచి కదలనని దానితో ఒట్టు కూడా వేయించుకున్నాను. నేను గిన్నెలు తోముతుంటే అది మంచం మీద కూర్చుని చిప్స్ తినేది. కళ్లెదుట ఉంటే చాలనుకున్నాను.

మొన్న బడికి వచ్చిన డాక్టరమ్మ దాని బరువు చూసి, "పద్నాలుగేళ్లకే ఇంత బరువేంటమ్మా? సాయంత్రాలు ఫోన్‌లో ఏం చూస్తుంటావు?" అని అడిగిందట.

"మా అమ్మను" అందట పాప.

వాళ్ల నాన్న ఈ మాట చెప్పగానే నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఈరోజు తెల్లవారగానే పాపకు ఫోన్ చేశాను.

"ఇంగ సాయంత్రం నేను కాల్ చేయను, నువ్వూ చేయొద్దు. బడి నుంచి రాంగానే గ్రౌండుకు పో. ఖోఖో ఆడతావో, ఉరుకుతావో నీ ఇష్టం."

"నీకు దిగులు కాదా మా?"

"అయితాది. నువ్వు మాత్రం పో."

మధ్యాహ్నం మామా పడుకుంది. చెయ్యి ఊరికే ఫోన్ మీదికే పోతుంటే, దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. రేపూ అందులోనే పెడతాను.

గంటన్నర గడిచినా అది మోగలేదు. నువ్వు తరిమే చోటికే పోయిందక్కా, పాప.