సాయంత్రం మజ్జిగ

గిద్దలూరు,
ఆషాఢం, 1939.

అమ్మకు,

ఇక్కడ బిడ్డ, బర్రె, నీ అల్లుడు ముగ్గురూ కులాసా. నా సంగతి చివర రాస్తాను. ఈ ఉత్తరం నాయనకు ఇవ్వకు. కూడబలుక్కునైనా నువ్వే చదువుకో.

ముందు ఒక వింత చెప్పాలి. స్టేషను దగ్గరుండే యేసుబాబు, రైలుపట్టాల పనిచేసి మానుకున్న ముసలాయన, కొన్నాళ్లుగా పొద్దుగూకే వేళకు మా ఇంటికి వచ్చి కుండెడు మజ్జిగ కొనుక్కుపోతున్నాడు. ఒంటరి మనిషి. ఆ వేళప్పుడు అంత మజ్జిగ ఎవరు తాగుతారు? అడిగితే నవ్వుతాడే గాని చెప్పడు. నా గుణం నీకు తెలుసుగా, ఎదురింట్లో తిరగమోత వేస్తే అది ఏ కూరో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. నిన్న కుండ నేనే తెస్తానని వెంటపడ్డాను.

ఆయన పంచలో పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. అందరూ సారా అంగడి దారిలో కనబడే మొహాలే. పక్కనున్న కడప జిల్లాలో సర్కారు సారా అంగళ్లు మూయించినప్పటినుంచి ఇక్కడి అంగడి తిరునాళ్లలా ఉంది కదా, దాన్ని వదిలి వీళ్లిక్కడ ఏం చేస్తున్నారా అని నిలబడి చూశాను. ప్రతి ఒక్కరి చేతిలో తన పాత సారా గ్లాసు, అందులో నా మజ్జిగ! వాళ్లంతా తాగుడు మానినవాళ్లు, మానలేక తంటాలు పడుతున్నవాళ్లు. అంగడికి కాళ్లు లాగే వేళకే ఇక్కడ చేరి, ఆ రోజు ఎలా గడిచిందో చెప్పుకుంటారు. ఒకరికొకరు బుద్ధులు చెప్పకూడదు, అదొక్కటే కట్టుబాటు. ఆ గ్లాసులెందుకని అడిగాను.

"చెయ్యి ఊరుకోదమ్మా. దానికేదో ఒకటి పట్టియ్యాల," అన్నాడు యేసుబాబు.

మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడమనిషి. నల్లమల నుంచి తేనె తెచ్చి అమ్మే బయ్యమ్మ. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. నేను కుండ దించి వచ్చేశాను.

కూర్చోవలసినదాన్నే అమ్మా. బాలింతగా ఉన్నప్పుడు ఒళ్లు గట్టిపడుతుందని, చలి చేరదని, కాయం మందుతో పాటు నాకు రోజూ కాస్త సారా పోశావు. ఇప్పుడు బిడ్డ పరుగులు తీస్తున్నాడు, నా బాలింతతనం మాత్రం తీరలేదు. మీ అల్లుడు చేనికి పోగానే జొన్నల గాదె వెనకనుంచి సీసా తీస్తాను. వాసనేమిటంటే కాయమంటాను, నమ్ముతాడు. నమ్మే మనిషిని మోసం చేయడం ఎంత సులువో తలచుకుంటే ఏడుపొస్తుంది. మొన్న బిడ్డ పొయ్యిలో చెయ్యి పెట్టి కేకలు పెడుతుంటే వెంటనే లేవలేకపోయాను. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి.

చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. దాని కానుపుకు సీసా తెప్పించి ఉంచానని రాయించావు. దానికి పోయకు. నీ చేత్తో పారబొయ్యి. నన్ను ఎంత తిట్టినా సరే.

నీ కూతురు,
సరస్వతమ్మ.

గిద్దలూరు,
శ్రావణం.

అమ్మకు,

నీ జవాబు లేదు. కోపమొచ్చిందేమో. అయినా జరిగింది నీకు చెప్పకుండా ఉండలేను.

పోయి బయ్యమ్మ పక్కన కూర్చున్నాను. నా వంతు వచ్చింది. మా పొరుగింట్లో ఒకామె ఉంది, ఆమె ఇట్లా తాగుతుంది అని మొదలుపెట్టి నా కథంతా చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. లేచి వస్తుంటే బయ్యమ్మ, "ఆ పొరుగింటామెను రేపు గూడా తోలుకొని రా," అంది.

మర్నాడు అది నేనేనని చెప్పేశాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. యేసుబాబు నా మజ్జిగ నాకే పోసి ఇచ్చాడు. ఇంటికొచ్చి మీ అల్లుడికీ చెప్పాను. రెండు రోజులు చేనికి పోయి చీకటి పడ్డాకే వచ్చాడు. మూడో రోజు కుండ తానే తీసుకుని నాతో నడిచాడు.

మానేశానని గొప్పలు పోను. వానకు పంచలో ఎవరూ చేరని రోజు మళ్లీ తాగాను. తర్వాత పోయి అదీ చెప్పాను. చెల్లెలి సంగతి ఒక్క ముక్క రాయించు, నాకు నిద్ర పట్టడం లేదు.

నీ కూతురు,
సరస్వతమ్మ.

కొమరోలు,
శ్రావణం.

సరసూ,

ఎప్పుడూ నేను చెప్తా ఉంటే మీ నాయన రాసేవాడు. ఇది ఆయన చేత రాయించేది కాదు. వంకరటింకరగా ఉన్నా నా రాతే చదువుకో.

కోపమొచ్చి ఊరుకోలేదే. నువ్వు చెప్పినట్లనే పారబోద్దామని సీసా తీసినాను. పారబోసేదానికి అందులో ఏమీ లేదు. నీ చెల్లెలు దాన్ని ముట్టలేదు, మీ నాయనకు ఆ వాసనే పడదు. నేనే తాగినాను. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నాకు పోసింది. ఆ పొద్దు నుంచి మోకాళ్ల నొప్పులని, చలి అని, ఏదో ఒక పేరు పెట్టుకుంటా వచ్చినాను. నీకు పోసిన పూటల్లో గూడా, మూత పెట్టే ముందు నేనొక గుక్క తాగేదాన్ని. నువ్వు ఎప్పుడన్నా చూసినావేమోనని ఇన్నాళ్లూ భయపడినాను. నీ ఉత్తరంలో బిడ్డ చెయ్యి కాలిన కాడికి వచ్చి, ఆ పొద్దు ఇంక ముందుకు చదవలేకపోయినాను, తక్కింది మర్నాడు చదివినాను.

నీ చెల్లెలికి పోయను. ఒట్టి కాయమే పెడతాను. కానుపుకు ఇంకా నెల ఉంది, అందాక దాన్ని మీ పెద్దమ్మ చూసుకుంటుంది. బిడ్డను అందుకునేటప్పుడు నా చేతులు వణకగూడదు. శుక్రవారం బస్సుకు వస్తున్నాను. మీ నాయనకు మనవణ్ణి చూసి వస్తానని చెప్పినాను.

అది సరే గాని, ఆ పంచలో ఆడోళ్లు ఏ పక్క కూర్చుంటారు? చాప వాళ్లే వేస్తారా? మొదటి రోజే మాట్లాడాల్నా? నాక్కూడా ఒక పొరుగింటామె ఉందని చెప్తే నమ్ముతారా?

మజ్జిగ నీ కుండలోదే తాగుతాను. గ్లాసు మాత్రం నేనే తెచ్చుకుంటున్నాను. మా అమ్మ నాకు పోసిన గ్లాసే, నీకు గూడా దాంట్లోనే పోసినాను.

మీ అమ్మ,
వెంకటసుబ్బులమ్మ.